నాటకం నోటీసు దొరికిందా? పాత తెలుగు నాటకాల కరపత్రాలను సేకరించడం, కాపాడటం ఎలా

పాత పద్యనాటకం పుస్తకం తిరగేస్తుంటే మధ్యలోంచి నాలుగు మడతల గులాబీరంగు కాగితం ఒకటి జారిపడుతుంది. పైన "శ్రీరస్తు". కింద నాటకం పేరు, ఆడే ఊరు, తేదీ, పాత్రలు-పాత్రధారులు, టిక్కెట్ల ధరలు. అట్టడుగున చీమతలంత అక్షరాల్లో ప్రెస్సు పేరు. చేయి వెంటనే మడతలు విప్పడానికి పోతుంది. ఆగండి. అది ఏ పుస్తకంలో, ఏ పేజీల మధ్య, ఎవరింట్లో దొరికిందో ముందు ఒక చీటీ మీద రాయండి. తర్వాత విప్పుదాం.

ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఆ చీటీలోనే ఉంది. కాగితం మీద చేయి తక్కువ పెట్టాలి, దాని గురించి ఎక్కువ రాసుకోవాలి. నేను చూసిన పాడైపోయిన కరపత్రాల్లో చెదలు తిన్నవాటికంటే, ఎవరో ప్రేమగా టేపు అంటించినవీ లామినేషన్ చేయించినవీ ఎక్కువ. ఒక రాత్రి ఆటకోసం, మర్నాడు పొట్లం కట్టుకోవడానికి తప్ప పనికిరాదనుకుని అచ్చేసిన కాగితం ఇది. ఇన్నేళ్ళు బతికి మీ చేతికొచ్చింది. ఆ రాత్రి ఎవరు హార్మోనియం వాయించారో, సత్యభామ వేషం ఎవరు కట్టారో చెప్పడానికి చాలా ఊళ్ళకు ఇంతకుమించిన సాక్ష్యం మిగల్లేదు.

ముందు గీత గీసుకోండి

తెలుగు నాటకాలన్నిటి కరపత్రాలూ పోగేస్తానంటే సాగదు. 1880లో కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో నాటకం ఆడించినప్పటి నుంచి లెక్కేసినా నూట నలభై ఏళ్ళు దాటింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాలు, 1892లో విజయనగరంలో తొలిసారి రంగమెక్కిన కన్యాశుల్కం, 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు, 1943లో వచ్చిన ప్రజానాట్యమండలి, ఊరూరా కురుక్షేత్రాలూ హరిశ్చంద్రలూ ఆడిన వందలాది నాటక సమాజాలు. వీటిలో ఒక్కటి పట్టుకున్నా జీవితకాలం పని.

ఒక ఊరు, ఒక సమాజం, ఒక నాటకం, ఒక నటుడు: ఈ నాలుగింటిలో ఒకటి ఎంచుకోండి. నన్నడిగితే ఊరే మంచిది. నటుణ్ణి ఎంచుకుంటే పేరున్నవాళ్ళవే దొరుకుతాయి. ఊరిని ఎంచుకుంటే "ద్వారపాలకుడు", "చెలికత్తె" అని కరపత్రంలో చివరి వరసలో ఉన్న మనిషి మనవడు ఇంకా ఆ వీధిలోనే ఉంటాడు. వెళ్ళి అడగొచ్చు.

ఏమేం చేర్చుకోవాలో కూడా తేల్చుకోండి. ఊళ్ళలో నోటీసు అని పిలిచే చేతి కరపత్రం సరే. దానితోపాటు గోడపత్రిక, ఆహ్వాన పత్రిక, కథాసంగ్రహంతో పాత్రధారుల పేర్లు వేసిన చిన్న పుస్తకం, నాటక పోటీలు నడిపే పరిషత్తులు వేసిన సావనీర్లు, చివరికి చింపిన టిక్కెట్టు ముక్క కూడా ఒకే ప్రదర్శనకు చెందినవైతే కలిపే ఉంచండి. విడదీస్తే ఒకదాని అర్థం ఒకదానికి అందదు.

ఎక్కడ వెతకాలి

పుస్తకాల మధ్య దొరికినన్ని ఇంకెక్కడా దొరకవు. పద్యాలు కంఠతా పట్టేవాళ్ళు నాటకం పుస్తకంలో ఆ రోజు నోటీసునే గుర్తుగా పెట్టుకునేవారు. పాత పుస్తకాలు కొనేటప్పుడు ప్రతి కాపీ పేజీలు మెల్లగా తిప్పి చూడండి. హైదరాబాదులో ఆదివారం కోఠీ-ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు, విజయవాడ లెనిన్ సెంటర్ దుకాణాలు అందరికీ తెలిసినవే. పుస్తకానికి వేసిన అట్ట విప్పితే లోపలివైపు కరపత్రం బయటపడ్డ సందర్భాలున్నాయి. గోడపత్రికలైతే మరీనూ. కాగితం గట్టిది కాబట్టి అట్టలకు బాగా వాడేవారు.

తర్వాత హార్మోనియం పెట్టె అడుగు, మేకప్ ట్రంకుపెట్టె, సమాజం జమాఖర్చుల పుస్తకం. నాటకం కాంట్రాక్టర్ల దగ్గర లెక్కల కట్టల్లో నోటీసు కాపీ గుచ్చి ఉంటుంది. చేతితో అక్షరాలు పేర్చిన కాలం నాటి ప్రెస్సులు ఇప్పటికీ మీ ఊళ్ళో ఏదైనా మూతపడకుండా, లేదా మూతపడి గది మాత్రం ఖాళీ కాకుండా ఉంటే వెంటనే వెళ్ళండి. కొన్ని ప్రెస్సుల్లో వేసిన ప్రతి పనికీ ఒక కాపీ తీగకు గుచ్చి ఉంచేవారు. ఆ తీగ దొరికితే ఇరవై ఏళ్ళ ఊరి చరిత్ర దొరికినట్టే. గది ఖాళీ చేసేవాళ్ళు ముందుగా కిలోల లెక్కన అమ్మేది దాన్నే.

కళాకారుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు

ఇక్కడ తొందర పనికిరాదు. భర్త ముప్పై ఏళ్ళు కృష్ణుడు కట్టిన ఇంట్లో ఆ అమ్మ దగ్గర మిగిలింది ఒక కిరీటం, నాలుగు ఫొటోలు, ఒక కవరు నిండా నోటీసులు. "ఇవి నాకిస్తారా" అని మొదటి మాటగా అడగకండి. "అమ్మా, ఇవి మీ దగ్గరే ఉండనివ్వండి. ఇక్కడే కూర్చుని ఫొటో తీసుకుంటాను, మీరు పక్కన కూర్చుని ఎవరెవరో చెప్పండి" అని అడగండి. కాగితం కంటే ఆవిడ మాటలే మీకు ఎక్కువ ఇస్తాయి. "ఆ రోజు వీరిని సెకండ్ కృష్ణుడికి పిలిచారు, ఫస్ట్ కృష్ణుడు రాకపోతే రాయబారం సీను కూడా వీరే లాగించారు" లాంటి సంగతి ఏ కరపత్రంలోనూ ఉండదు. (పద్యనాటకాల్లో కృష్ణుడి వేషాన్ని సీన్లవారీగా ఇద్దరు ముగ్గురు పంచుకోవడం ఉంది.) అనుమతి అడిగి ఫోన్‌లో ఆ మాటలు రికార్డు చేయండి.

తర్వాత ఎప్పుడైనా ఆ ఇంటివాళ్ళే పిలిచి ఇస్తే, తీసుకున్నవాటి జాబితా రెండు కాపీలు రాసి ఒకటి వాళ్ళకివ్వండి. వారంలోగా మంచి రంగుల ప్రింట్లు తీసి ఒక ఆల్బమ్‌గా తిరిగి పంపండి. ఇది మర్యాద మాత్రమే కాదు. ఆ ఆల్బమ్ చూసిన బంధువులు "మా ఇంట్లోనూ ఉన్నాయి" అని మీకు ఫోన్ చేస్తారు.

డబ్బిచ్చి కొనేటప్పుడు

ఒక్క జాగ్రత్త చాలు. రంగు కాగితం మీద జిరాక్స్ తీసి పాతదని అమ్మేవాళ్ళున్నారు. కాగితం వెనక్కి తిప్పి వేలికొనతో తడమండి. సీసపు అక్షరాలతో ఒత్తి వేసిన అచ్చయితే వెనక చిన్న ఉబ్బు తగులుతుంది. భూతద్దంలో చూస్తే అక్షరం అంచు చుట్టూ సిరా ఒత్తుకుపోయి కాస్త చిక్కగా గీతలా ఉంటుంది. జిరాక్స్‌లో అక్షరం అంచు చుట్టూ నల్లపొడి చల్లినట్టు కనిపిస్తుంది. నటుడి ఫొటోలో చుక్కలు కనిపిస్తే కంగారు పడకండి. ఫొటో అచ్చేయడానికి చేయించే అసలు లోహపు బ్లాకుల్లోనూ చుక్కలే ఉంటాయి.

అది ఏ ఏడాదిది?

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. చాలా కరపత్రాల మీద తేదీ, వారం ఉంటాయి, సంవత్సరం ఉండదు. అచ్చేసినవాళ్ళకు అది అవసరం లేదు, ఆట ఎల్లుండే కదా.

మొదట తేదీని వారంతో ముడిపెట్టండి. ఉదాహరణకు కాగితం మీద "14-3 శనివారం" అని మాత్రమే ఉందనుకుందాం. మార్చి 14 శనివారం పడిన సంవత్సరాలు 1936, 1942, 1953, 1959, 1964. అదే తేదీ అదే వారానికి 5, 6, 11 ఏళ్ళ ఎడంతోనే తిరిగివస్తుంది. అంటే ఒక్క వారంతోనే దాదాపు ఏడింట ఆరు వంతుల సంవత్సరాలు కొట్టుకుపోయాయి.

ఇప్పుడు టిక్కెట్టు ధర చూడండి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది కావడానికే అవకాశం ఎక్కువ. ఆ రోజు నుంచే రూపాయికి వంద నయాపైసలు వచ్చాయి. "న.పై." అని ఉంటే 1957-64 మధ్యది. 1964 జూన్ 1 నుంచి "నయా" పోయి పైసలు మిగిలాయి. మన ఉదాహరణలో అణాలుంటే 1936, 1942, 1953 మిగులుతాయి. కొత్త నాణేలొచ్చాక కూడా జనం నోట అణాల లెక్క కొన్నాళ్ళు నడిచింది కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి.

తిథి కూడా వేసి ఉంటే మీ అదృష్టం పండినట్టే. ఒక తిథి అదే ఇంగ్లీషు తేదీకి మళ్ళీ సరిగ్గా కలవడానికి దాదాపు 19 ఏళ్ళు పడుతుంది. 8, 11 ఏళ్ళకు ఒకటి రెండు తిథుల దూరందాకా వచ్చి మోసం చేస్తుంది, అందువల్ల ఆ సంవత్సరం పంచాంగం తీసి సరిచూడాలి. వారం, తేదీ, తిథి మూడూ కలిసిన సంవత్సరం సాధారణంగా ఒకటే తేలుతుంది.

తెలుగు సంవత్సరం పేరు వేసిన కరపత్రాలు ఇంకా సులువు. ప్రభవాదులు అరవై కనుక "తారణ నామ సంవత్సర" అంటే 1944-45 కావాలి, లేదా 2004-05. ఈ రెండిట్లో ఏదో కాగితమే చెబుతుంది. ఉగాదికి మారుతుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలల ఆటలు ఇంగ్లీషు లెక్కలో తర్వాతి సంవత్సరానికి వస్తాయి. ఇక్కడ చాలామంది పొరబడతారు. నిజాం ప్రాంతపు కరపత్రాల మీద ఫసలీ సంవత్సరం (అక్కడి రెవెన్యూ లెక్కల సంవత్సరం) కనిపిస్తే దానికి 590 కలపండి. ఫసలీ 1355 అంటే 1945-46.

ఊరి పేరు, జిల్లా పేరు కూడా మాట్లాడతాయి. "గుంటూరు జిల్లా, ఒంగోలు" అని ఉంటే 1970కి ముందుది, ఆ ఏడాదే ఒంగోలు విడి జిల్లా అయింది. విజయనగరం జిల్లా అని ఉంటే 1979కి తర్వాతది. పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కు ముందుది కాదు. తాలూకా అని ఉంటే మండలాలు రాకముందుది, అంటే ఎనభైల నడిమికంటే పాతది కావచ్చు. బెజవాడ అన్న పేరును మాత్రం పట్టించుకోకండి, జనం దాన్ని ఎప్పుడూ వదల్లేదు.

పేర్ల ముందున్న బిరుదులు బాగా పనికొస్తాయి. స్త్రీ పాత్రలకు పేరుపొందిన నటుడు స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది. "పద్మశ్రీ" చేర్చి వేసిన కరపత్రం ఆ తర్వాతదే. ఆయన 1971లో పోయారు, కాబట్టి ఆ మధ్య పదిహేనేళ్ళకు లెక్క కుదిరింది. నటుడు బళ్ళారి రాఘవ పాత్రధారిగా ఉంటే 1946 దాటదు, ఆయన పోయింది ఆ ఏడాదే. అయితే నటుడి ఫొటో చూసి వయసు లెక్కకట్టకండి. బ్లాకు చేయించడం ఖర్చు, అందుకని ఒకసారి చేయించిన బ్లాకునే ఏళ్ళ తరబడి వాడేవారు. అరవై ఏళ్ళ నటుడు కరపత్రం మీద ముప్పై ఏళ్ళవాడిగానే ఉంటాడు.

పెట్రోమాక్స్ లైట్లా, విద్యుద్దీపాలా, "మైకు ఏర్పాటు కలదు" అని గొప్పగా వేశారా, ఇవన్నీ ఆ ఊరి చరిత్ర తెలిసినవాళ్ళను అడిగితే విప్పుకుంటాయి. భాష మీద మాత్రం ఎక్కువ బరువు వేయకండి. "ప్రదర్శింపబడును", "ఎల్లరును విచ్చేయుడు" అనే పాత ధోరణిని నాటకం నోటీసులు మిగతా రాతలకంటే చాలాకాలం పట్టుకున్నాయి.

అట్టడుగున ప్రెస్సు పేరు తప్పక చూడండి. 1867 నాటి ముద్రణాలయాల చట్టం ప్రకారం అచ్చేసిన కాగితం మీద ముద్రాపకుడి పేరు, ఊరు ఉండాల్సి ఉండేది. చిరిగిందనో వంకరగా ఉందనో అంచు కత్తిరించి సరిచేస్తే మొదట పోయేది ఆ వరసే. అంచు ఎంత అందవికారంగా ఉన్నా కత్తెర పెట్టకండి.

చివరగా ఒక హెచ్చరిక. కరపత్రం అనేది ఆడబోతున్నామన్న ప్రకటన, ఆడినట్టు రుజువు కాదు. వాన పడి పందిరి తడిసి ఆట ఆగిపోయి ఉండొచ్చు, కర్ణుడి వేషధారికి వేరే ఊళ్ళో బస్సు అందకపోయి ఉండొచ్చు. వెనకవైపు ఎవరైనా పెన్సిల్‌తో "వాయిదా" అనో, పాత్రధారి పేరు కొట్టేసి వేరే పేరో రాసి ఉంటే అది మురికి కాదు, ఆ కాగితంలో అన్నిటికంటే విలువైన వాక్యం. ఆనాటి ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల్లో ప్రదర్శన వార్త దొరికితే అప్పుడు "ఆడారు" అని రాసుకోండి. పాత పత్రికలకు వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయానికి వెళ్ళిరావడం వృథా కాదు.

కాగితాన్ని ఇంటికి తెచ్చాక

చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. గుడ్డ చేతితొడుగులు వద్దు. వాటితో పల్చటి కాగితం అంచు తెలియక చిరుగుతుంది. శుభ్రమైన పొడి చేతులు చాలు. కొత్తగా వచ్చిన కట్టను పాతవాటితో కలపకండి, రెండు మూడు వారాలు వేరే డబ్బాలో ఉంచి పురుగుందేమో చూడండి.

మడతలు విప్పడం: కాగితం ఇంకా వంగుతోందనిపిస్తే బల్ల మీద తెల్లకాగితం పరిచి, ఒక్కో మడతా దాని దారినే విప్పి, పైన ఇంకో తెల్లకాగితం, దానిమీద గాజుపలక పెట్టి నాలుగైదు రోజులు వదిలేయండి. విప్పుతుంటే చిటుక్కుమంటే అక్కడే ఆపండి. మడతగానే స్కాన్ చేసి మడతగానే దాచడం సిగ్గుపడే పని కాదు. ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానీయొద్దు. నీళ్ళు అసలే వద్దు. ఆ గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగులు తడి తగిలితే కరిగి కారిపోతాయి. ఒకసారి నేను ఒక మూల కొద్దిగా తడిపి చూశాను. ఆ మూల ఇప్పటికీ తెల్లగానే ఉంది.

దుమ్ముంటే మెత్తని వెంట్రుకల బ్రష్‌తో మధ్య నుంచి అంచువైపు తుడవండి. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి కాబట్టి తీయాల్సిందే. కాగితానికీ పిన్నుకీ మధ్య పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, వెనకవైపు కాళ్ళు నిటారుగా లేపి, అప్పుడు ముందువైపు నుంచి తీయండి. లాగకండి.

సెల్లోటేపు ఇప్పటికే అంటించి ఉంటే పీకకండి. జిగురుతోపాటు అచ్చు కూడా ఊడొస్తుంది. కొత్తగా చిరిగినచోట మాత్రం టేపూ, ఫెవికాలూ, మైదా జిగురూ ఏదీ వాడొద్దు. టేపు జిగురు కొన్నేళ్ళకు నూనెలా కాగితంలోకి దిగి మరక అవుతుంది, మైదా బొద్దింకలను పిలుస్తుంది. చిరిగిన ముక్కలను పక్కపక్కనే పేర్చి ఒకే కవర్లో ఉంచితే చాలు, అతకడం తెలిసినవాళ్ళు ఎప్పటికైనా అతుకుతారు. లామినేషన్ గురించి ఒకే మాట: అది చేశాక వెనక్కి తీసుకోలేరు.

ఈ కాగితాలు ఎందుకు పసుపెక్కి పొడవుతాయో తెలుసుకుంటే మిగతా జాగ్రత్తలు వాటంతటవే తోస్తాయి. చవక కాగితం కలపగుజ్జుతో చేసింది. అందులో ఉండే లిగ్నిన్ అనే కలప పదార్థం వెలుతురుకీ గాలికీ రంగు మారుతుంది, తయారీలో మిగిలిన ఆమ్లం నారను లోపలి నుంచి తెంచుకుంటూ పోతుంది. ఆ ఆమ్లం పక్క కాగితానికీ పాకుతుంది. అందుకే న్యూస్‌పేపర్ కటింగ్‌ను కరపత్రానికి ఆనించి ఉంచితే కొన్నేళ్ళకు కటింగ్ ఆకారంలో గోధుమరంగు మచ్చ పడుతుంది. కటింగ్‌ను జిరాక్స్ తీసి ఆ జిరాక్స్‌నే ఉంచండి, అసలును వేరే కవర్లో పెట్టండి.

ఒక్కో కరపత్రానికి ఒక్కో కవరు. ఆసిడ్-ఫ్రీ కాగితంతో చేసినవి దొరికితే అవే మంచివి. చూస్తూ ఉండాలనుకుంటే పాలియెస్టర్ లేదా పాలీప్రొపిలీన్ పారదర్శక కవర్లు. స్టేషనరీ దుకాణంలో కవరు తీసి వాసన చూడండి. కొత్త రెయిన్‌కోటు వాసన కొడితే అది పీవీసీ, వద్దు. అది అచ్చుసిరాను తనకు అంటించుకుంటుంది. పారదర్శక కవరును నాలుగు పక్కలా మూసేయకండి. ఆమ్లం ఉన్న కాగితం మూసిన కవర్లో ఇంకా త్వరగా ముసలిదవుతుంది, రెండు అంచులు తెరిచి ఉండాలి. పెన్సిల్ రాతలున్నవాటిని మాత్రం పారదర్శక కవర్లో పెట్టకండి. ప్లాస్టిక్ పట్టే విద్యుత్తుకు పెన్సిల్ పొడి లేచిపోతుంది. బాగా పెళుసైనవాటికి వెనక ఆసిడ్-ఫ్రీ అట్ట ఒకటి దన్నుగా పెట్టండి. పెద్ద గోడపత్రికలను మడవకుండా, పైపుకు చుట్టకుండా, పరుపు కింద కాకుండా, వెడల్పాటి డ్రాయరులో పడుకోబెట్టగలిగితే అంతకంటే కావలసింది లేదు.

తేమ, పురుగు

మన కోస్తా గాలిలో కాగితానికి పెద్ద శత్రువు తేమ. ఒక చిన్న హైగ్రోమీటరు కొని డబ్బా దగ్గర పెట్టండి. గాలిలో తేమ 65 శాతం దాటి అక్కడే నిలిస్తే బూజు మొదలవుతుంది. 60 లోపు ఉంచగలిగితే బాగా చేస్తున్నట్టే. అటక మీద వేడి ఎక్కువ, వంటింటి పక్కన ఆవిరి, బయటిగోడకు ఆనించిన బీరువాలో చెమ్మ. ఇంటి మధ్యగదిలో, గోడకు జానెడు ఎడంగా, నేలకు ఎత్తుగా ఉన్న అర మంచిది. సిలికా జెల్ పొట్లాలు వేస్తే నెలకోసారి చూసి ఆరబెట్టాలి. నీరు పీల్చి నిండిపోయిన పొట్లం డబ్బాలో ఉన్నా లేనట్టే.

పుస్తకాలను ఎండలో ఆరబెట్టే అలవాటు మన పెద్దల నుంచి వచ్చింది. ఈ కాగితాలకు మాత్రం అది వద్దు, ఎండకు రంగు వెలిసిపోతుంది. నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరబెట్టండి. వేపాకు వేయాలనిపిస్తే బాగా ఎండినది గుడ్డలో కట్టి కాగితానికి తగలకుండా ఉంచండి, పచ్చి ఆకు మరక పెడుతుంది. కలరా ఉండలు మీ ఊపిరికే మంచివి కావు. బీరువా అడుగు తుడిచి, రెండు నెలలకోసారి ప్రతి కవరూ తెరిచి చూడటాన్ని మించిన మందు నాకు కనబడలేదు.

సిల్వర్‌ఫిష్ అనే వెండిరంగు పురుగో, మరొకటో పట్టినట్టు కనిపిస్తే ఆ కట్టను మందమైన పాలిథిన్ కవర్లో గాలి తీసి గట్టిగా మూసి ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక కవరు విప్పకుండా ఒక రోజంతా గదిలో వదలండి, లేకపోతే చల్లటి కాగితం మీద నీటిబొట్లు పడతాయి. వాననీటిలో తడిసిన కట్ట దొరికితే కాగితాలను విడదీయబోకండి. రెండు రోజుల్లో బూజు పడుతుంది కాబట్టి ఆలోపు నీడలో ఆరబెట్టలేమనుకుంటే అప్పుడూ ఫ్రీజరే దిక్కు. కొంత వ్యవధి దొరుకుతుంది.

గోడకు ఫ్రేము కట్టాలని ఎవరికైనా ఉంటుంది. మంచి రంగుల ప్రింటు తీసి దాన్ని కట్టండి.

స్కాన్

600 డీపీఐలో, రంగుల్లో, రెండువైపులా స్కాన్ చేసి టిఫ్ ఫైలుగా దాచండి. పంపుకోవడానికి జేపెగ్ వేరే చేసుకోవచ్చు. పల్చటి కాగితానికి వెనక నల్లకాగితం పెట్టి స్కాన్ చేస్తే వెనకవైపు అక్షరాలు ఇవతలికి కనబడవు. ఈ చిన్న ఉపాయం నాకు ఆలస్యంగా తెలిసింది, అందువల్ల మొదటి వందా మళ్ళీ చేయాల్సి వచ్చింది. ఫైలు పేరు సంవత్సరం-నెల-తేదీ, ఊరు, సమాజం, నాటకం వరసలో పెడితే కంప్యూటరే కాలక్రమంలో అమర్చిపెడుతుంది. మూడు కాపీలు ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఊళ్ళో ఉన్న నమ్మకస్తుల దగ్గర.

బొమ్మతో ఆగకండి. కరపత్రంలో ఉన్నదంతా, పాత వర్ణక్రమం ఎలా ఉంటే అలాగే, యూనికోడ్‌లో టైపు చేయండి. ఒక మనవరాలు ఎక్కడో కూర్చుని తాత పేరు వెతికితే బొమ్మలోని పేరు దొరకదు, టైపు చేసిన పేరు దొరుకుతుంది.

జాబితా

ప్రతి కాగితానికీ ఒక వరుస సంఖ్య ఇచ్చి, దాన్ని మెత్తని పెన్సిల్‌తో కవరు మీద రాయండి, పెన్ను ఎప్పుడూ వద్దు. పుస్తకంలో ఆ సంఖ్య ఎదురుగా నాటకం, సమాజం, స్థలం, ఆట మొదలైన రాత్రి తేదీ (తెల్లవారుజామున ముగిసినా మొదలైన రోజే), అందరు పాత్రధారులు, హార్మోనిస్టు, కాంట్రాక్టరు, ధరలు, ప్రెస్సు, కొలతలు, కాగితం రంగు. తర్వాత ఎవరి దగ్గర, ఎప్పుడు దొరికింది, వాళ్ళేం చెప్పారు. సంవత్సరాన్ని మీరు లెక్కకట్టి తేల్చారా, కాగితం మీదే ఉందా అన్నది తప్పనిసరిగా వేరుచేసి రాయండి. "1953 (వారం, తిథి, అణాల ఆధారంగా)" అని ఉంటే తర్వాత వచ్చేవాడు మీ లెక్కను సరిచూడగలడు.

సురభి కరపత్రాల్లో వనారస, రేకందార్, ఆవేటి, సింధే ఇంటిపేర్లే మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఒకే పేరు తాతకూ మనవడికీ ఉండే అవకాశం ఉంది కాబట్టి పేరుతోపాటు సమాజం పేరు, పాత్ర తప్పక చేర్చండి. పద్యనాటకాల్లో ఇద్దరు ముగ్గురు కృష్ణులుంటే ఏ సీను ఎవరిదో విడివిడిగా రాయండి.

మీ తర్వాత

కరపత్రాలు ఎవరికి చేరాలో ఒక కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ళకు చెప్పండి. గ్రంథాలయానికి ఇవ్వాలనుకుంటే ముందు వెళ్ళి, విడి కాగితాలను వాళ్ళు ఎలా ఉంచుతున్నారో కళ్ళారా చూడండి. పుస్తకాలను బాగా చూసుకునే చోట కూడా విడి కాగితాల కట్ట మూలన పడిపోవచ్చు. జాబితా పుస్తకంతో సహా ఇస్తామని, జాబితా ప్రకారం తీసుకున్నట్టు రసీదు ఇవ్వాలని అడగండి.

ఈలోగా మీ ఊళ్ళో ఈ ఏడాది పరిషత్తు పోటీలు ఎప్పుడో కనుక్కోండి. వెళ్ళినప్పుడు గేటు దగ్గర పంచే కాగితం రెండు కాపీలు తీసుకోండి. ఫోన్‌లో బొమ్మగా మాత్రమే పంపితే ఆ బొమ్మను మీ ఫైళ్ళలో దాచి, మంచి కాగితం మీద ఒక ప్రింటు తీయండి. నాటకం అయ్యాక తెర వెనక్కి వెళ్ళి, అచ్చయిన పేర్లలో ఎవరు మారారో అడిగి, వెనక మూల పెన్సిల్‌తో రాసి, పక్కన సంవత్సరం వేయండి.